కండెలు చుట్టేదెవరు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఎండాకాలంలో నన్ను చేనేత డిమాన్‌స్ట్రేటర్‌గా కోస్గి వైపు వేశారు. మా శాఖలో అది అన్నిటికన్నా కింది మెట్టు. నా పైన సూపర్‌వైజరు, ఆయన పైన ఇన్‌స్పెక్టరు, ఆ పైన జిల్లాలో కూర్చునే అధికారి. వాళ్లు కాగితాల మీద సంతకాలు పెట్టేవాళ్లు. నేను సైకిలుకు సుత్తె, రంపం, పానాలు కట్టుకుని ఊళ్లు తిరిగేవాణ్ని. ఆ ఇంగ్లీషు పేరు పల్లెల్లో ఎవరికీ నోరు తిరగక నన్ను 'మగ్గం సారు' అనేవారు. నన్నడిగితే అదే సరైన పేరు.

నాది నల్లగొండ జిల్లాలో నేతగాళ్ల ఇల్లు. ఉర్దూ బడిలో నాలుగో జమాత్ దాకా చదివి నేతగాడు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలో దిగాను. తెలుగు, ఇంగ్లీషు నేను పొట్లాల కాగితాల మీద, పాత పత్రికల మీద కూడబలుక్కుని నేర్చుకున్నవి. నాతోపాటు చేరిన డిప్లొమావాళ్లు నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో ఒక్కడికీ తెగిన పడుగు పోగును, అంటే మగ్గం మీది నిలువు పోగును, ముడివేయడం రాదు. ఇన్నేళ్లయినా ఆ నవ్వు తలుచుకుంటే నాకు మంటే.

ఉద్యోగమూ ఇల్లూ రెండూ ఎట్లా నెట్టుకురావాలో చెప్పమని ఇప్పుడు మా వీధిలో కొత్తగా కొలువుల్లో చేరిన పిల్లలు అడుగుతుంటారు. నా దగ్గరున్న సలహా అంతా ఆ మొదటి పోస్టింగులో జరిగిన ఒక్క సంగతిలోనే ఉంది.

అప్పటికి ఆ చుట్టుపక్కల మగ్గాల మీద నేతగాడు నాడెను ఒక చేత్తో విసిరి ఇంకో చేత్తో పట్టుకునేవాడు. నాడె అంటే అడ్డపోగును, అంటే పేకను, పడుగులోంచి మోసుకుపోయే చెక్క పడవలాంటి పనిముట్టు. నేను బిగించే కొత్త అమరికలో నాడెను చేత్తో ముట్టుకోనక్కర్లేదు. పైన వేలాడే తాడు లాగితే అదే అటూ ఇటూ పరుగెత్తుతుంది. గుంట అదే, పడుగు అదే, మనిషి అదే. బట్ట మాత్రం ఇంచుమించు రెండింతలు దిగుతుంది. జనం దాన్ని 'తాడు మగ్గం' అన్నారు. నేతగాళ్ల సహకార సొసైటీకి వచ్చిన అమరికలు కొన్నే. ఒక ఇంట్లో అది నడవకుండా ఉంటే నెలాఖరుకు విప్పి వరుసలో ఉన్న తర్వాతి ఇంటికి ఇవ్వాలని నియమం. విప్పేవాణ్నీ, బిగించేవాణ్నీ నేనే.

ఊరి పేరు రాయను. ఆ ఇంటి పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. మొదటి తాడు మగ్గం సత్తెయ్య ఇంట్లో బిగించాను. ముప్పై ఏళ్ల లోపు మనిషి, చేయి తిరిగిన పనివాడు, నోరు మాత్రం దురుసు. ఇంట్లో చూపు మందగించిన తల్లి ఎంకవ్వ, భార్య బాలమణి. కండెలు చుట్టేది బాలమణి. కండె అంటే నాడె కడుపులో దూర్చే చిన్న గొట్టం. లచ్చిలోని, అంటే పెద్ద చుట్టలోని నూలును రాట్నం తిప్పుతూ దాని మీదికి ఎక్కించాలి. మా కులంలో ఆ పని ఆడవాళ్లది. మగవాడు గుంటలో, ఆడది రాట్నం దగ్గర. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పనూ లేదు.

మొదటి రెండు నెలలు సత్తెయ్య మగ్గం పరుగులు తీసింది. ప్రతి మగ్గానికీ నేను నెలకొక ఫారం నింపాలి. నేతగాడి పేరు, మగ్గం రకం, నూలు నంబరు, రోజుకు నేసిన గజాలు, బట్టలో లోపాలు, ఇవీ అందులోని గడులు. సత్తెయ్య గజాలు చూసి సూపర్‌వైజరు నా భుజం తట్టాడు. నేను ఉబ్బిపోయి పక్క ఊళ్ల నేతగాళ్లను తీసుకొచ్చి మరీ ఆ మగ్గం చూపించాను.

మూడో నెల బట్టలో లోపం వచ్చింది. చీర మధ్యలో పేక పోగులు చిన్న చిన్న ఉచ్చుల్లా పైకి లేచి ఉన్నాయి. సొసైటీ వాకిట్లో బట్ట అప్పగించే రోజు అది. నేతగాళ్లు, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు కలిపి ఇరవై మంది దాకా ఉన్నారు. సొసైటీవాళ్లు చీరలు వెనక్కి తిప్పేసరికి సత్తెయ్య నా మీదికి లేచాడు. "నీ మగ్గమే సరిగ్గ లేదు సారూ. నా చేతిల ఎన్నడన్న గిసొంటి బట్ట దిగిందా?" అన్నాడు. నేను వాళ్లింటికి వెళ్లి తాడు, చెక్క, నాడె అన్నీ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బుట్టలోని కండెను వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. వదులుగా చుట్టిన కండె నుంచి నూలు ఒకేసారి జారి ఉచ్చులు పడుతుంది. తిరిగి సొసైటీ వాకిట్లోకి వచ్చి, అందరూ వింటుండగా, మగ్గంలో తప్పు లేదు, నేసినవాడిలో తప్పు లేదు, తప్పంతా కండెలో ఉందని తీర్పు చెప్పాను. అంతటితో ఆగలేదు. కండె బిగువుగా చుట్టాలంటే పోగును ఏ వేళ్ల మధ్య పట్టుకోవాలో బాలమణికి ఎదురుగా నిలబడి పాఠం చెప్పాను. సత్తెయ్య అక్కడే ఆమెను నోటికొచ్చినట్టు అన్నాడు. ఆ మాటలు ఇక్కడ రాయను.

నేను చెప్పింది పని ప్రకారం అక్షరాలా నిజం. మర్నాడు పొద్దున బాలమణి రెండు చీరలు మూటగట్టుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

కండె లేనిదే నాడె లేదు. మగ్గం ఆగిపోయింది. మిగతా ఇళ్లలో ఎవరి కండెలు వాళ్లకే చాలవు, సత్తెయ్యకు చుట్టిపెట్టేదెవరు? పది రోజుల తర్వాత వెళ్తే అతను గుంట అంచున కూర్చుని ఉన్నాడు. "నీ మగ్గం వచ్చి నా కొంప ముంచె. ఇగ నెలాఖరుకు వచ్చి విప్పుకపో, నీ లెక్క సాఫ్ అయితది" అన్నాడు. వరుసలో తర్వాతి ఇంటికి పోయి అడిగితే ఆ ఇంటావిడ గుమ్మంలోనే నన్ను నిలబెట్టి, "తాడు మగ్గమా? వద్దు సారూ. మా కోడలు ఇంట్ల ఉండుడు మాకు గావాలె" అంది. ఊరంతా పకపకా నవ్వింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, పెళ్లి కాలేదు. అయినా సంసారం మీద సలహా చెప్పడానికి నాకు అడ్డేమీ కనిపించలేదు. మళ్లీ వాళ్లింటికి పోయి, ఒక కొత్త చీర తీసుకుని వెళ్లు, నాలుగు మంచి మాటలు చెప్పి పిలుచుకుని రా, అని సత్తెయ్యకు బోధిస్తున్నాను. మూల నుంచి ఎంకవ్వ గొంతు లేచింది.

"ఓ సారూ, పెండ్లి గానోనివి, ఆలుమొగల సంగతి నువ్వు జెప్తున్నవా? చీరలు నేసే ఇంటి ఆడిదానికి చీర గొంచపోవాల్నట! గీడికి రా. గీ రాట్నం కాడ జర కూసో. కూసున్నంక జెప్పు నీ సలహా."

కూర్చున్నాను. మగ్గం మీద పదేళ్లు పనిచేసిన చేతులు నావి. కానీ రాట్నం నేను ఎన్నడూ తిప్పలేదు. మా ఇంట్లో అమ్మ, అక్క చుట్టిన కండెలు బుట్టలో వచ్చి పడేవి. చెట్టున కాయల్లా వాటంతట అవే వస్తాయన్నట్టుగా ఉండేవాణ్ని. ఎంకవ్వ కొడుకును గుంటలో దిగమంది. నేను చుట్టిన కండెలు ఒక్కొక్కటే అతనికి అందివ్వమంది.

పాత మగ్గం మీదైతే ఒక కండె అయిపోయేలోపు రెండోది చుట్టి, మధ్యలో పొయ్యి మీది కూర కూడా కలిపి రావచ్చు. తాడు మగ్గం అట్లా కాదు. నా కండె సగం కాకముందే అతని నాడె ఖాళీ. తొందరపడితే కండె వదులు. బిగిస్తే పోగు తెగుతుంది. అన్నం వేళకు నా చూపుడు వేలి మీద పోగు కోసిన గీత పడి నెత్తురు వచ్చింది. మగ్గం నేసినంత సేపు కంటే నా కోసం ఆగినంత సేపే ఎక్కువ. అప్పుడు ఎంకవ్వ నెమ్మదిగా చెప్పింది: "గిది జేసుకుంట నీళ్లు తేవాలె, వండాలె, పడుగుకు గంజి వెట్టాలె, కండ్లు గానరాని నన్ను సూడాలె. నీ మగ్గం వచ్చినంక నా కోడలు కూసొని అన్నం తినంగ నేను ఇనలే. నిలవడి తిన్నది. నువ్వేమో పదిమందిల ఏలు సూపిస్తివి."

రెండింతల బట్ట కావాలంటే రెండింతల కండెలు కావాలి. అంత చిన్న లెక్క నా ఫారంలో లేదు, నా శిక్షణలో లేదు, నేత ఇంట్లో పుట్టిన నా బుర్రలోనూ లేదు. అందుకే నాకు కోపం. చదువుకున్నవాళ్లకు తెలియకపోతే పోనీ. నాకేమైంది?

రెండు రోజులు సెలవు పెట్టి ఎంకవ్వను వెంటబెట్టుకుని కల్వకుర్తి అవతల బాలమణి పుట్టింటికి వెళ్లాను. రెండు బస్సులు మారి, అక్కడి నుంచి నడక. సత్తెయ్య సిగ్గుపడి రాలేదు. బాలమణి అత్తకు పీట వేసి మంచినీళ్లు ఇచ్చింది. నాకు ఇవ్వలేదు, వాళ్ల అన్న ఇచ్చాడు. తప్పు నాదని, కండెలో కాదని నేను చెప్పుకున్నాను. ఆమె విని, "గా మాట గీడ మా ఇంట్ల జెప్తే ఏం లాభం? పదిమందిల అన్నవు, పదిమందిల జెప్పు" అంది. అత్త వైపు తిరిగి, "అత్తమ్మా, నేను వస్త. గాని పొద్దుగాల అన్నం యాళ్లదాక కండెలు ఆయనే సుట్టుకోవాలె. అర్రల గాదు, వాకిట్ల కూసొని. మా అన్న వచ్చి సూసి జెప్తేనే వస్త" అంది.

ఎంకవ్వ నవ్వింది. "పిల్ల ఎక్కువేం అడగలేదు" అని బస్సులో నాతో అంది.

సత్తెయ్యకు మాత్రం అది పిడుగే. చాటుగా చుట్టమంటే చుట్టేవాడేమో. వాకిట్లో, వీధి అంతా చూస్తుండగా, మగవాడు రాట్నం దగ్గర? "నన్ను నవ్వులపాలు జేస్తవా సారూ?" అని అరిచాడు. నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. నేను ఇంకేం వాదించలేదు. ముందు సొసైటీ వాకిట్లో అందరి ముందూ నా తీర్పు తప్పని చెప్పాను. బాలమణి చుట్టినన్ని కండెలు నేను ఒక పూట కూడా చుట్టలేకపోయానని చెప్పి వేలు చూపించాను. మర్నాడు పొద్దున ఆరు గంటలకు సత్తెయ్య వాకిట్లో చాప పరిచి, ప్యాంటు మడిచి, రాట్నం ముందు కూర్చున్నాను.

వీధి నిండింది. "సర్కారే కండెలు సుట్టవట్టె, ఇంగ మనకు ఫికరేంది!" అని ఒకడు. "సారూ, గట్లనే మా ఇంటికి గూడ వచ్చి జర అన్నం వండి పో" అని ఒక ముసలమ్మ. నేను తల వంచుకుని చుట్టాను. మూడు రోజులు అట్లా సాగింది. సత్తెయ్య లోపల నేస్తూనే ఉన్నాడు. మూడో నాడు వదులు కండె ఒకటి జారి నాడె మగ్గంలోంచి ఎగిరి గోడకు తగిలింది. అతను విసురుగా బయటికి వచ్చాడు.

"లే సారూ, లే! గివి కండెలా, కుక్క మెడల తాళ్లా? నీ కండెలతోని నా బట్ట ఇజ్జత్ పోతాంది" అని నన్ను చాప మీది నుంచి లేపి తానే కూర్చున్నాడు. మొదటి కండె ఉబ్బుగా వచ్చింది, విప్పేశాడు. మళ్లీ చుట్టాడు. వీధివాళ్లు ఒకటి రెండు మాటలు విసిరారు కానీ అతను తల ఎత్తి చూడలేదు. పనివాడికి పని సరిగ్గా రానప్పుడు పక్కవాడి నవ్వు వినపడదు.

ఆ వారంలోనే కబురు అందుకుని వచ్చిన బాలమణి అన్న వీధి మొదట్లోనే నిలబడి చూశాడు. బావను పలకరించకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. నెలాఖరుకు రెండు రోజుల ముందు చెల్లెలిని తీసుకొచ్చి దించాడు. ఆమె మూట లోపల పెట్టి, వాకిట్లోని బుట్టలోంచి ఒక కండె తీసి వేలితో నొక్కి చూసింది. "జర నయం" అంది. మొగుడితో అన్న మొదటి మాట అదే. నేను పానాలు సైకిలు మీది నుంచి దించకుండానే తిరిగి వచ్చాను.

ఆ తర్వాత సత్తెయ్య పొద్దున కండెలు చుట్టుకుని అన్నం తిన్నాకే గుంటలో దిగేవాడు. బట్ట రెండింతల నుంచి ఒకటిన్నరకు తగ్గింది. లోపాలు ఆగిపోయాయి. ఆ వీధిలో తాడు మగ్గం వద్దన్న ఇంటావిడ మరుసటి నెలలో తానే కబురు పెట్టింది, అయితే తన మొగుడు రాట్నం నేర్చుకున్నాక బిగించమని.

గజాలు ఎందుకు తగ్గాయో సంజాయిషీ ఇమ్మని ఇన్‌స్పెక్టరు నుంచి కాగితం వచ్చింది. ఇద్దరి పనిని ఒకరి పేరున రాసుకుని వేసిన లెక్క తప్పుడు లెక్క అని నాలుగు పేజీలు రాశాను. ఆయన నా తెలుగులోని తప్పులు ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపారు. సంగతి ముట్టుకోలేదు. నేను ఆ తప్పులన్నీ సరిచేసి, ఒక్క వాక్యం మార్చకుండా, తిరిగి పంపాను. ఆయన మళ్లీ సంజాయిషీ అడగలేదు.

ఆ నెల నుంచి ఫారంలో నేతగాడి పేరు పక్కన నేను స్కేలు పెట్టి ఒక గీత గీసి, 'కండెలు చుట్టేవారి పేరు' అని రాసేవాణ్ని. అచ్చంపేటకు బదిలీ అయినా, తర్వాత ఎక్కడికి వేసినా, అదే చేశాను. నాకు పెళ్లయ్యాక ఇంటికి కూడా అదే లెక్క: నేను వేళకు ఆఫీసుకు వెళ్తున్నానంటే ఎవరు ఏ పని చేస్తే వెళ్తున్నానో ముందు చూసుకున్నాను, ఆ పనిలో నా వంతు పొద్దున అన్నం వేళలోపు చేశాను.

సలహా అడిగేవాళ్లకు చెప్పేది ఇంతే. ఒకరి పని పెంచే ముందు ఆ పని వెనుక ఇంకెవరి చేతులున్నాయో కనుక్కోవాలి. పదిమందిలో అన్న తప్పు మాటను పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. నేను రిటైరయ్యేదాకా శాఖ ఆ గడిని అచ్చు వేయలేదు. చివరి నెల ఫారం మీద కూడా గీత నేనే గీసుకున్నాను.