మిర్చి యార్డులో తుమ్ము

తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. గుంటూరు మిర్చి యార్డులో తుమ్మినవాడు బయటివాడని లెక్క. పాతికేళ్లు అక్కడ గుమస్తాగా చేసిన నేను ఒక్కసారీ తుమ్మలేదు. ఎనభైల్లో, యాభై ఐదేళ్లకే రిటైరై, రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాక పాతవాళ్లను చూద్దామని వెళ్లాను. గేటు దగ్గరే ఆగాను. ఇప్పుడు తుమ్మితే? ఊపిరి బిగబట్టి కాయల రాశుల మధ్యకు నడిచాను.

"ఏందండీ గుమస్తాగారూ, ఘాటు తగుల్తందా?" అన్నాడు ముఠా మేస్త్రి.

"నాకా? ఈ ఘాటు లేకే ఇంట్లో నిద్ర పట్టట్లేదయ్యా!" అంటూ గుండెల నిండా పీల్చాను. తుమ్ము రాలేదు.

ఆ చివరి మాటొక్కటే కల్పన. వరసగా ఏడు తుమ్ములొచ్చాయి. మేస్త్రి ఎగతాళి చేసినా బాగుండేది. భుజం మీది తువ్వాలుతో దుమ్ము దులిపి, బయటివాళ్లకు వేసే కుర్చీ నాకు వేశాడు.