జావా చెంగల్రాయుడి గొడ్డువైద్యం

పుంగనూరు చెంగల్రాయుడికి ఒకే ఒక్క జబ్బు. దారిలో ఎక్కడ బుల్లెట్టు నిలబడి కనిపించినా అది అతని కంటికి మోటారు సైకిలులా కాక జబ్బుపడిన గొడ్డులా కనపడేది. ఎంత తొందర పని మీద పోతున్నా సరే, తన జావా బండి ఆపి, స్టాండు వేసి, భుజం మీది తుండుగుడ్డ తీసి నడుముకు బిగించి, మొహం వేలాడేసుకుని దాని దగ్గరికి పోయేవాడు.

"ఎన్ని దినాలాయెనప్పా ఇది మేత ముట్టక?" అని బండిగలాయన్ని అడిగేవాడు.

బండిగలాయన టీ తాగడానికో, తెలిసినవాళ్ళు కనపడితే మాట్లాడడానికో ఆపి ఉంటాడు. చెంగల్రాయుడికి దాంతో పని లేదు. పెట్రోలు ట్యాంకుకు చెవి ఆనించి వినేవాడు. కడుపు ఉబ్బరంగా ఉందేమోనని అరచేత్తో తట్టేవాడు. హెడ్‌లైటు ముందు వంగి కన్ను పచ్చబడిందేమో చూసేవాడు. చివరికి సైలెన్సరు వైపు పోయి, గొంతు కూచుని, నిట్టూర్చి, "పేడ సక్రమంగా పడతాండాదా?" అనేవాడు. అప్పటికి చుట్టూ బస్టాండంతా పోగయ్యేది.

అతను వృత్తికి పశువుల బేరగాడు. తుండుగుడ్డ కింద చేతులు దాచి, వేళ్ళు పట్టుకుని, నోరు విప్పకుండా ఎద్దుల ధర తేల్చడంలో మూడు సంతల్లో అతని తర్వాతే ఎవరైనా. ఆ కళ్ళతోనే మోటారు సైకిళ్ళనూ చూసేవాడు. "జావా అంటే మా పుంగనూరావు అప్పా. పొట్టిది, సాధువు, పిడికెడు మేస్తే కుండెడు ఇస్తాది. ఒకే కడ్డీని తన్ని స్టార్టు చెయ్యొచ్చు, దాన్నే మడిస్తే గేరూ ఎయ్యొచ్చు. ఇంత తెలివి ఇంక దేనికన్నా ఉండాదా? బుల్లెట్టు అంటే ఎనుము. నీళ్ళు కనపడితే యాడ పండుకుంటాదో అని భయం" అనేవాడు. బుల్లెట్టు వాళ్ళూ ఊరుకునేవాళ్ళు కాదు. చెంగల్రాయుడి ఇంట్లో దోమతెరలు ఎందుకు లేవంటే, పొద్దున్నే జావా స్టార్టు చేస్తే ఆ పొగకు వీధిలోని దోమలన్నీ పలమనేరు దాకా పోతాయని అనేవాళ్ళు.

ఈ వైద్యానికి అందరికంటే ఎక్కువగా దొరికినవాడు మదనపల్లెలో పంపుసెట్ల అంగడి పెట్టిన వెంకటేశులు. పెళ్ళికాని పిల్లవాడు, మెత్తనివాడు. పైగా బుల్లెట్టును పొద్దున్నే పాత పంచెగుడ్డతో తన మొహం కనపడేదాకా తుడిచే రకం. "ఆ తుడిచే చేత్తో ఒకసారి తల దువ్వుకున్నా ఈపాటికి కోడలు వచ్చుండేది" అనేది తల్లి సుశీలమ్మ.

వెంకటేశులు ఎదురు చెప్పలేడు. చెంగల్రాయుడు తట్టడం మొదలుపెట్టగానే అతని చెవులు ఎర్రబడేవి. "ఏమీ లేదప్పా, బాగుండాది, ఇప్పుడే పోతాండాను" అని గొణిగేవాడు.

"గొడ్డుగలోళ్ళందరూ అట్లనే అంటారు. ప్రేమ" అని చెంగల్రాయుడు జనం వైపు తిరిగి చెప్పేవాడు.

ఒకసారి వాయల్పాడు నుంచి ఒక పెద్దాయన కూతురికి సంబంధం చూసుకోవడానికి వచ్చాడు. వెంకటేశులు ఆయన్ని ఓబులప్ప టీ అంగడికి తీసుకుపోయి, బుల్లెట్టు మీద ఎండ పడి తళతళమనేట్టు నిలబెట్టి, టీ చెప్పాడు. టీ రాకముందే జావా వచ్చింది. తుండుగుడ్డ నడుముకెక్కింది. ఆ రోజు వైద్యం అంతటితో ఆగలేదు. పెద్దమనిషి కదా అని చెంగల్రాయుడు ఆయన్ని కూడా పిలిచాడు.

"మీరూ ఒకపారి చెవి పెట్టి సూడండి సామీ. నాకు గురక వినిపిస్తాండాది."

పెద్దాయన నిజంగానే లేచి వచ్చి చెవి పెట్టాడు. ఓబులప్ప నవ్వి నవ్వి పాలగిన్నె పొంగించాడు. వారం తిరక్కుండానే వాయల్పాడు నుంచి జాతకాలు కలవలేదని కబురొచ్చింది. జాతకాలు అసలు ఇచ్చిపుచ్చుకోనే లేదు. వెంకటేశులు ఆ నింద మొత్తం చెంగల్రాయుడి మీద వేశాడు, పది మందిలోకి రావడానికి సిగ్గుపడి రెండు రోజులు అంగడి కూడా తెరవలేదు.

ఆ తర్వాత అతను ఒక ఉపాయం కనిపెట్టాడు. చెంగల్రాయుడికి నిలిచిపోయిన బుల్లెట్టే కదా జబ్బుది? అందుకని ఇంజను ఆపకుండా, బండి దిగకుండా, ఒక కాలు నేల మీద ఆనించి టీ తాగడం మొదలుపెట్టాడు. డుగ్గుడుగ్గుమనే బండి మీద గ్లాసు వణికి, సగం టీ చొక్కా తాగేది. ఒకరోజు చెంగల్రాయుడు ఆ దారినే పోతూ జావా నెమ్మది చేసి, తృప్తిగా చూసి, "ఈ పొద్దు బాగుండాది. నెమరేస్తాండాది" అనేసి పోయాడు. ఆ మాటకు టీ అంగడిలో వాళ్ళు నవ్విన నవ్వు వెంకటేశులుకు ఇంటిదాకా వినపడింది.

ఇట్లా ఉండగా కుప్పం దగ్గర గంగులప్ప కూతురు వసంతమ్మ సంబంధం వచ్చింది. ఫోటో చూసిన రోజున వెంకటేశులు బుల్లెట్టును తుడవడం మరిచిపోయాడు. దాంతో సుశీలమ్మకు విషయం అర్థమైంది. అన్నీ కుదిరేట్టే ఉన్నాయి గానీ గంగులప్ప ఒక మాట చెప్పి పంపించాడు. "పిల్లోడు ఎట్లాంటోడో ఒకర్ని అడిగి తెలుసుకుంటాను. నాకు ఎద్దులు ఇప్పించే ఆయన ఉండాడు, పుంగనూరాయన. చెంగల్రాయుడని."

ఆ పూట నుంచి నిజంగా మేత ముట్టనిది వెంకటేశులే. పోయి చెంగల్రాయుణ్ణి బతిమాలుకుందామా అనుకున్నాడు, మొహం చెల్లలేదు. వాయల్పాడు సంగతి తర్వాత ఆయన ఎదురైతే మొహం తిప్పుకుని పోయినవాడాయె. ఈ సంబంధం కూడా ట్యాంకు మీద చెవి పెట్టడంతో తేలిపోతుందని మనసులో ఖాయం చేసుకున్నాడు.

మాఘమాసంలో పెళ్ళిచూపులు పెట్టుకున్నారు. సుశీలమ్మ, మేనమామ ముందురోజే బస్సులో పోయారు. వెంకటేశులు మాత్రం బుల్లెట్టు మీద వస్తానని పట్టుబట్టాడు. ఎటూ పోయే పరువు, సొంత బండి మీద పోవడం మేలనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు వేసుకుని, తలకు రెండు చేతులా నూనె పెట్టి తెల్లవారగానే బయల్దేరాడు. పుంగనూరు దాటాడు, పలమనేరు దాటాడు, వెంకటగిరికోట కూడా దాటాడు.

అక్కడ రోడ్డుకు అడ్డంగా ఉలవకంప పరిచి ఉంది. ఆ పక్క రైతులు కళ్ళాల్లో రాళ్ళు దొర్లించడం ఎప్పుడో మానేశారు. కోసిన కంప తారురోడ్డు మీద వేస్తే, వచ్చీపోయే బండ్ల చక్రాల కింద గింజ తనంతట తానే రాలుతుంది. పక్కన చాట పట్టుకుని సిద్ధమ్మ అనే ముసలామె కాపలా ఉంది.

"నాయనా, నిమ్మళంగా దీని మీదనే పో. పొద్దున ఒక జావా పోయింది గానీ ఏం లాభం, ఒక్క గింజ రాల్లేదు. నీది బరువైన బండి మాదిరి ఉండాదే."

వెంకటేశులు బ్రేకు వేశాడు. బుల్లెట్టు కొన్నప్పటి నుంచి ఇంత మంచి మాట అతని చెవిన పడలేదు.

"జావాతో రాల్లేదా అవ్వా?"

"యాడ రాలతాది నాయనా. అది మేకపిల్ల మాదిరి ఎగిరి పాయె."

అంతే. పెళ్ళిచూపులకు పోతున్న పెళ్ళికొడుకు ఉలవలు నూర్చడానికి దిగాడు. కంప మీద ఒక చుట్టు తిరిగాడు. "అబ్బ, ఎట్లా రాలతాండాయో" అంది సిద్ధమ్మ. ఇంకో చుట్టు. "లారీ కూడా ఇట్లా నూర్చదు నాయనా" అంది. గుండ్రంగా తిరగాలంటే క్లచ్చు సగం పట్టుకోవాలి. పట్టుకునే ఉన్నాడు. తీగలు చైనుకు చుట్టుకున్నాయి, వెనక చక్రం బిగుసుకుంది. విడిపిద్దామని క్లచ్చు బలంకొద్దీ లాగాడు. కేబులు పుటుక్కుమని తెగి చేతికొచ్చింది. తప్పు బండిది ఒక్క పిసరు లేదు, అంతా పొగడ్తది.

చొక్కా నిండా ధూళి. చేతుల నిండా గ్రీజు. రాహుకాలం రాకముందే పెళ్ళిచూపులకు పోవాలని సిద్ధమ్మతో మొత్తుకున్నాడు. అప్పుడు తట్టింది వెంకటేశులుకు.

"అవ్వా, ఆ జావా ఆయన ఎట్లుండాడు?"

"మీసాలాయన. తుండుగుడ్డ నడుముకు కట్టుకోని వచ్చి, నా ఉలవ మోపును తట్టి, దీనికి ఎండదెబ్బ తగిలిందమ్మా అన్నాడు. కుప్పం పక్కకు పాయె."

చెంగల్రాయుడు తనకంటే ముందే గంగులప్ప ఇంటికి చేరిపోయాడన్నమాట. వెంకటేశులు రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు. అంతలోనే కుప్పం వైపు నుంచి జావా చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ఏ మనిషిదో అతను నిద్రలో కూడా చెప్పగలడు.

సిగ్గు మనిషి చేత చేయించని పని లేదు. బుల్లెట్టును గట్టు కిందికి ఈడ్చి, ఉలవకంప చేతికొచ్చినంత దాని మీద వేసి, తను కూడా అందులోకి దూరాడు. పెళ్ళిచూపులకు పోయే పిల్లలు కొంచెం అట్లాగే ఉంటారనుకుని సిద్ధమ్మ ఇంకో రెండు మోపులు పైన వేసింది.

జావా వచ్చి ఆగింది.

"అమ్మా, ఈ పక్క ఒక బుల్లెట్టు పాయెనా? ఇస్త్రీ చొక్కా పిల్లోడు."

"సూళ్ళేదు నాయనా" అంది సిద్ధమ్మ.

"ఇంకా రాలేదే, యాడన్నా పడినాడేమో" అంటూ చెంగల్రాయుడు గట్టు మీద కూచున్నాడు. గొంతులో ఎగతాళి లేదు. "ఆడ అందరూ కాసుకోనుండారు. గంగులప్ప నన్ను నడి ఇంట్లో నిలబెట్టి అడిగినాడమ్మా, పిల్లోడు ఎట్లాంటోడు అని."

కంపలో వెంకటేశులు తీగలు పక్కకు జరిపి చెవి పెట్టాడు.

"ఏం జెప్పినావు నాయనా?"

"నేను వాన్ని పది మందిలో ఎన్నిసార్లు నవ్వులపాలు చేసుంటానో నాకే తెలీదు. ఒక్క పారి కూడా మాట తూలినోడు కాడు. నా మాదిరి మొరటోన్ని ఇన్నాళ్ళు ఓర్చుకున్నోడు నీ బిడ్డను పువ్వు మాదిరి చూసుకుంటాడని చెప్పినా. అంతటితో ఊరుకోడు గదా గంగులప్ప. ఆ బుల్లెట్టు ఎట్లాంటిది, దుబారా బండా అనె." చెంగల్రాయుడు గొంతు తగ్గించాడు. "ఈ నోటితో, అమ్మా, ఈ నోటితోనే, బుల్లెట్టును మించిన బండి లేదని చెప్పినా."

"చెప్తే ఏమాయె?"

"ఏమాయెనా? జావా యినకూడదని దాన్ని నాలుగిండ్ల అవతల నిలబెట్టి పోయి చెప్పినా. తిరిగొచ్చి దాని మొగం సూడలేక సిగ్గుతో సచ్చినా."

వెంకటేశులుకు ఆ కంపలో ఒళ్ళంతా దురద పుడుతున్నా తెలియలేదు. వాయల్పాడు నుంచి ఇప్పటిదాకా ఆ మనిషిని మనసులో తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇందాకటి దాకా చెంగల్రాయుడు చూస్తాడేమోనని సిగ్గు. ఇప్పుడు ఆయన చూడకుండా పోతాడేమోనని సిగ్గు. కంప తోసుకుని లేచి నిలబడ్డాడు. తల మీద తీగలు, చెవి మీద ఉలవకాయ.

చెంగల్రాయుడు అతన్ని చూశాడు, పక్కన హ్యాండిలు బయటపెట్టిన బుల్లెట్టును చూశాడు, రోడ్డు మీద గుండ్రంగా ఉన్న టైరు గుర్తులను చూశాడు. నవ్వలేదు. మేత సంగతి అడగలేదు, ట్యాంకు మీద చెవి పెట్టలేదు. చైనులోని తీగలు ఒక్కొక్కటీ లాగేసి, జావా పక్క డబ్బా తెరిచి, చుట్ట చుట్టి పెట్టిన కేబులు ఒకటి తీశాడు. అది చూడగానే వెంకటేశులుకు తెలిసిపోయింది. అది బుల్లెట్టు కేబులు. జావాకు అది ఎందుకూ పనికిరాదు.

"ఇది నీ డబ్బాలో ఎందుకుండాదప్పా?" అన్నాడు మెల్లగా.

"దోవలో పడిన గొడ్డు ఎవురిదని అడగరాదు. అది సంతలో అడిగే మాట." చెంగల్రాయుడు తలెత్తకుండానే కేబులు ఎక్కించాడు. "బుల్లెట్టు నిలిచి కనపడితే నేను ఆగేది ఎందుకనుకుంటివి? ఊరికే పలకరిస్తే మీరంతా బాగుండాది పో అంటారు. నవ్వించి చెవి పెడితే నిజంగా బాగలేంది తెలుస్తాది. ఈ మాట మదనపల్లెలో చెప్పొద్దు. నా మర్యాద పోతాది."

గంగులప్ప ఇంటి ముందుకి జావా, బుల్లెట్టు పక్కపక్కనే వచ్చి ఆగాయి. వీధంతా చూస్తోంది. సుశీలమ్మ కొడుకు చొక్కా చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. వెంకటేశులు ఇంజను ఆపాడు.

నిలబడిన బుల్లెట్టు. చుట్టూ జనం. చెంగల్రాయుడి చెయ్యి తుండుగుడ్డ మీదికి పోయింది, మళ్ళీ దిగింది. మళ్ళీ పోయింది. ఆయన అటు తిరిగి గోడ మీద సున్నం చూడడం మొదలుపెట్టాడు. పిల్లవాడి పరువు కోసం ఆ మాట మింగుతున్నాడు గానీ అది దిగడం లేదు, మెడ నరాలు ఉబ్బుతున్నాయి.

వెంకటేశులు ఆ అవస్థ చూశాడు. ఒక్కసారి తలుపు వైపు చూశాడు. వసంతమ్మ పసుపు చీరలో గడప దగ్గరే నిలబడి ఉంది. అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. అయినా చెంగల్రాయుడి వైపు తిరిగి అందరికీ వినపడేట్టు అన్నాడు.

"మామా, ఇది పొద్దుటి నుంచి మేత ముట్టలేదు. ఒకపారి సూడు."

చెంగల్రాయుడి మొహం వెలిగిపోయింది. తుండుగుడ్డ నడుముకెక్కింది. ట్యాంకు తట్టాడు, కన్ను చూశాడు, పేడ సంగతి అడిగాడు. గంగులప్ప బిత్తరపోయి, "ఇందాక అంత గొప్ప బండి అంటివే?" అన్నాడు.

"గొప్ప గొడ్డుకే కదప్పా దిష్టి తగిలేది. నువ్వూ ఒకపారి చెవి పెట్టి సూడు."

గంగులప్ప చెవి పెట్టాడు. వీధి వీధంతా నవ్వింది. వెంకటేశులు తల దించుకుని వాయల్పాడును తలుచుకున్నాడు. అప్పుడు గడప దగ్గర నుంచి వసంతమ్మ గొంతు వినపడింది.

"నాయనా, దానికి ఏ జబ్బూ లేదు. బండిగలాయనకే ఆకలైనట్టు ఉండాది. లోపలికి పిలువు."

చెంగల్రాయుడు తుండుగుడ్డ విప్పి, వెంకటేశులు చెవి మీద ఇంకా ఉన్న ఉలవకాయను తీసి పారేసి, అతన్ని భుజం పట్టుకుని లోపలికి తోశాడు.