సిరుగుప్ప దారిలో తెగిన గాజు తీగ

మా విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ గది చూసుకునే ఉద్యోగం నాది. దేశంలోని విశ్వవిద్యాలయాలనూ పరిశోధన సంస్థలనూ కలిపే వేగవంతమైన లైను బళ్లారి దాకా వచ్చిన రోజు ఆ గదిలో మైసూర్‌పాక్ పంచారు. ఎక్కడో దూరాన ఉన్న పెద్ద సంస్థ కంప్యూటరు కూడా దీని మీద పక్క గదిలో ఉన్నట్టే పలుకుతుంది. అయితే చాలాకాలం మా వాళ్లు దాన్ని పాఠాల వీడియోలు చూడడానికే వాడారు. ఏ పని కోసం ఆ లైను వేశారో ఆ పని కోసం మా దగ్గర దాన్ని అడిగిన మొదటి మనిషి ఒక పరిశోధక విద్యార్థిని.

ఆమెది సిరిగేరి. తండ్రి వరి మళ్లకు మందు కొట్టే కూలి. కాలువ కింద పైరు ఏపుగా పెరిగే వేళకు, దుబ్బుల రసం పీల్చి ఎండబెట్టే సుడిదోమ భయం మొదలవుతుంది. ఆ రెండు నెలలూ ఆయన వీపు మీద నుంచి డబ్బా దిగదు. ఉపగ్రహం తీసిన చిత్రాలూ, గాలీ, తేమా అన్నీ కలిపి, దోమ ఎటు నుంచి ఎటు పోతుందో ముందే చెప్పగల లెక్క కట్టడం ఆమె పరిశోధన.

"దోమ వచ్చినా కొడతాడు, రాకున్నా కొడతాడు సార్ మా నాయన," అంది ఒకసారి. "భయానికి కొట్టించేదే ఎక్కువ. యాడ వస్తాదో ముందే తెలిస్తే ఆ మళ్లకే కొట్టచ్చు గదా. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసపడతాండాడు."

ఆ లెక్క మా డిపార్ట్‌మెంటు కంప్యూటర్లకు మోయలేని బరువు. నాలుగైదు ఊళ్ల మళ్లు ఇస్తేనే రోజుల తరబడి నాన్చి చివర్లో ఆగిపోయేవి. అందుకని దూరాన ఉన్న ఒక పరిశోధన సంస్థలోని మహా కంప్యూటరు మీద సమయం కోసం దరఖాస్తు పెట్టింది. దాదాపు ఏడాది తర్వాత ఒక వారం ఇచ్చారు. సోమవారం పొద్దున మొదలు, ఆదివారం సాయంత్రంతో సరి. మా విశ్వవిద్యాలయం లైను మీద నుంచి వస్తేనే అది తలుపు తీస్తుంది. ఇంటి నుంచి, ఫోను నుంచి కుదరదు.

సోమవారం ఆమె నా గదిలోనే కూర్చుంది. చిత్రాలు ఆ కంప్యూటరుకు పోవడం మొదలైంది. ఎంత వేగంగా పోతున్నాయో తెరమీద చూసి నాకే నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ ఆ లైను చేతనైన పని చేయకుండా ఊరికే కూర్చున్నట్టు అనిపించింది.

చిత్రాలన్నీ చేరకముందే, మంగళవారం మధ్యాహ్నం లైను పోయింది.

మొదట మా పరికరం మీద అనుమానపడ్డాను. అది బాగానే ఉంది. లైను చూసే కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే, సిరుగుప్ప రోడ్డు వెడల్పు చేసే చోట జేసీబీ కేబుల్ కోసేసిందన్నారు. "ఆయితు సార్, నాళె టీమ్ వస్తాది," అన్నాడు అవతలి మనిషి, సగం కన్నడలో సగం తెలుగులో. నాళె అంటే రేపు. బుధవారం పొద్దున మళ్లీ చేశాను. టీమ్ బయలుదేరిందన్నాడు. మధ్యాహ్నం చేస్తే, టీమ్ అక్కడే ఉందిగానీ ఎవరో రైతు పని చేయనివ్వడం లేదన్నాడు.

ఈలోగా ఆమె గైడు ఆ సంస్థతో మాట్లాడారు. ఇంకో ఊరి విశ్వవిద్యాలయం నుంచి చేసుకోవచ్చా అని అడిగారు. అనుమతి మా చిరునామా మీదే ఉంది, మార్చాలంటే కమిటీ కూర్చోవాలన్నారు. రెండు రోజులు పొడిగిస్తారా అంటే, తర్వాతి వారం ఇంకొకరిది అన్నారు. మర్యాదగానే చెప్పారు. వాళ్లను తప్పుపట్టడానికి కూడా ఏమీ లేదు.

గురువారం నా బండి మీద బయలుదేరాం, నేనూ ఆమే. నా పని గదిలో. రోడ్డు మీద తీగలు కలపడం నాకు రాదు. అయినా ఊరికే కూర్చోలేకపోయాను.

సిరిగేరి క్రాస్ ఇంకా రాకముందే, తవ్విపోసిన ఎర్రమట్టి పక్కన, చీలిన గొట్టంలోంచి మా కేబుల్ బయటికి వచ్చి పడి ఉంది. లోపల వెంట్రుకంత సన్నని గాజు తీగలు. ఇన్నేళ్లలో నేను దాన్ని గోడ దగ్గర నుంచి లోపలికే చూశాను. ఒక విశ్వవిద్యాలయమంతా వేలాడేది దీని మీదేనా అనుకున్నాను. గుంత గట్టు మీద అరవై దాటిన రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. దూరంగా వ్యాను నీడలో కేబుల్ కలిపే ఇద్దరు మనుషులు ఫోన్లు చూసుకుంటున్నారు.

"మీరు ఎవురప్పా?" అన్నాడు రైతు.

చెప్పాను.

"మీ తీగ ఒకటే గాదు తెగిండేది. నా పైపు చూడు." ఆ గుంతలోనే రోడ్డుకు అడ్డంగా వేసుకున్న నీళ్ల పైపు రెండు ముక్కలై ఉంది. ఆయనది కాలువ ఆఖరి మడి. అక్కడిదాకా నీళ్లు రావు. రోడ్డవతల పారే వంకలో మోటరు పెట్టి, ఆ పైపులో తోడుకుంటాడు. "రోడ్డోళ్లను అడిగితే కేబులోళ్లను అడుగు అంటాండారు. కేబులోళ్లను అడిగితే రోడ్డోళ్లను అడుగు అంటాండారు. నేను సుమ్నే, ఊరికే కూసోవల్నా? పొట్టకొచ్చిన పైరప్పా ఇది. వీళ్లు తీగ కలిపి మట్టి పోసి పోతే, మళ్ల నన్ను ఎవురు చూస్తారు?"

కేబుల్ మనుషుల దగ్గరికి వెళ్లాను. "పైపు మా పని కాదు సార్," అన్నాడు ఒకడు. కోపంగా కాదు, అలసటగా. రోడ్డు కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఫోను మోగుతూనే ఉంది.

ఆమె రైతు పక్కన గట్టు మీద కూర్చుంది. సిరిగేరి అని చెప్పింది. తండ్రి ఎవరో చెబితే ఆయన గుర్తుపట్టాడు.

"మందు కొట్టే మనిషి గదా. మా మడికి గూడా వచ్చినాడు. ఇప్పుడు ఎట్లుండాడు?"

"దగ్గుతాండాడు."

ఆ తీగ కలిస్తే దూరాన కంప్యూటరు మీద తను కట్టబోయే దోమ లెక్క గురించి ఆమె చెప్పింది. తర్వాత ఆయన అడిగాడు, "ఆ కంప్యూటర్ నడిస్తే నా మడికి దోమ వస్తాదో రాదో తెలుస్తాదా?"

"తెలుస్తాది అనే అనుకుంటాండా. నడిపించి చూస్తే గదా చెప్పగలిగేది."

"అట్లయితే నీ పని గూడా నా నీళ్ల మాదిరే, మడి కోసరమే," అన్నాడాయన. కానీ గట్టు మీద నుంచి లేవలేదు.

చివరికి నేనే సిరుగుప్ప వెళ్లాను. పైపు ముక్కా, రెండు జాయింట్లూ, అతికించే డబ్బా తెచ్చాను. బజారులో మొదటి అంగట్లో ఆ సైజు దొరకలేదు. రెండో అంగడి భోజనానికి మూసి ఉంటే దాని ముందే నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి ఎండ వాలింది. రైతూ నేనూ గుంతలోకి దిగి పైపు అతికించాం. ఆయన మోటరు వేయించి, నీళ్లు అవతలికి పోవడం చూసుకుని, పంచె దులుపుకుని పక్కకు జరిగాడు. "ఇంక మీరు చేసుకోండప్పా," అన్నాడు.

వ్యాను అక్కడ లేదు.

మేము గుంతలో తలవంచుకుని పైపు అతికిస్తుండగానే వాళ్లకు హొసపేటె వైపు ఇంకో కేబుల్ తెగిందని ఫోనొచ్చిందట. వ్యాను దగ్గరికి పోయి కాసేపు ఆగమని ఆమె బతిమాలిందట. "పై నుంచి చెప్పినారు, మేమేం చేసేది చెల్లీ," అని వెళ్లిపోయారట. ఇదంతా ఆమె నాకు నెమ్మదిగా, ఎవరి మీదా ఫిర్యాదు చేస్తున్నట్టు కాకుండా చెప్పింది. గుంతలో గాజు తీగలు అలాగే ఉన్నాయి. చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. కలపడానికి మా దగ్గర ఉన్నవి నాలుగు ఉత్త చేతులు. రైతు మమ్మల్ని ఒకసారి చూసి, తన మడి వైపు నడిచాడు.

శుక్రవారం, శనివారం ఫోన్లతో గడిచాయి. నా పై అధికారి ఒక మెయిల్ పంపారు, దానికి జవాబుగా ఫిర్యాదు అందిందని ఒక మెయిల్ వచ్చింది. ఆదివారం ఆమె నా గదికి వచ్చింది. రావద్దని చెప్పలేకపోయాను. సాయంత్రం గడువు ముగిసే వేళ దాకా ఇద్దరం, లైను లేదని పరికరం మీద వెలిగే ఎర్ర దీపం ముందు కూర్చున్నాం. ఆ సమయం దాటాక ఆమె సంచీ తగిలించుకుని, "పోయొస్తా సార్," అంది. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

లైను సోమవారం మధ్యాహ్నం వచ్చింది. దీపం పచ్చగా వెలిగింది. హాస్టలు పిల్లలు వెంటనే దాని మీద పడ్డారు. మా ఆఫీసులో ఒకాయన తలుపు దగ్గరకు వచ్చి, "వచ్చింది గదప్పా, ఇంకేం," అన్నాడు. అవునన్నాను.

ఆ పంటకు సిరిగేరి పక్క దోమ వచ్చింది. ఏ మళ్లకు ముందు వచ్చిందో, ఏ మళ్లకు రాలేదో ఎవరూ ముందుగా చెప్పలేదు కాబట్టి అందరూ కొట్టించారు. ఆమె తండ్రి కూడా వెళ్లాడు. మధ్యలో ఒకరోజు ఊపిరాడక బళ్లారి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. చూడడానికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను కంప్యూటర్ సారని కూతురు పరిచయం చేసింది. ఆయన చేతులు జోడించాడు. ఎట్లుంది పెద్దాయనా అని అడిగాను. "బాగుండాది సార్," అన్నాడు, ముక్కుకున్న గొట్టం సర్దుకుంటూ.

ఆమె ఫెలోషిప్ ఆ ఏడాదితో అయిపోయింది. పెద్ద లెక్క వదిలేసి, రెండు ఊళ్ల మళ్లతో డిపార్ట్‌మెంటు కంప్యూటరు మీద చేయగలిగినంత చేసి, సిద్ధాంత వ్యాసం ఇచ్చింది. పట్టా వచ్చింది. మౌఖిక పరీక్ష రోజు, పరీక్షించడానికి వచ్చినాయన పద్ధతి బాగుందని మెచ్చుకుని, ఇంకా విస్తారమైన ప్రాంతం తీసుకుని ఉంటే ఉపయోగపడేదని చెప్పాడు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. ఆమె తల ఊపి, "అవును సార్," అంది.

ఇప్పుడు ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరరుగా పాఠాలు చెబుతోంది. ఆ కాలేజీకి మా లైను లాంటిది లేదు. పోయిన నెల బస్టాండులో కనబడితే టీ తాగాం. తండ్రి పనికి పోవడం మానేశాడంది. మాటల్లో, ఆ పెద్ద కంప్యూటరు వాళ్లు మళ్లీ దరఖాస్తులు పిలిచారని చెప్పాను. మన లైను ఈ మధ్య బాగానే నిలబడుతోందనీ, ఈసారి తప్పకుండా అవుతుందనీ అన్నాను.

"ఎవురి పేరు మీద సార్?" అంది. "నేను ఇప్పుడు యాడా విద్యార్థిని కాదు. ఆ కాలేజీలో పర్మనెంటూ కాదు. దరఖాస్తులో వాళ్లు అడిగే సంస్థ పేరు గడిలో రాసుకునేదానికి నాకేమీ లేదు."

గైడును అడిగి చూద్దామన్నాను. ఆమె నా మాట కాదనలేదు. సిరుగుప్ప బస్సు కదులుతుంటే గ్లాసు కింద పెట్టి పరుగెత్తి ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికిందో లేదో జనం మధ్య నాకు కనబడలేదు.