పరుపుల మున్వర్ కట్టిన గొలుసు

హిందూపురంలో పరుపుల మున్వర్ అంటే రెండు రకాల జనం గుర్తుపడతారు. సరిగ్గా నిద్రపట్టనివాళ్ళు ఒక రకం, కబడ్డీ పిచ్చివాళ్ళు ఇంకో రకం. మొదటి రకానికి ఆయన మెత్తటి దూది పరుపు కుట్టి నిద్ర తెప్పిస్తాడు. రెండో రకానికి ఉన్న నిద్ర కూడా చెడగొడతాడు, ఎందుకంటే ‘ధర్మవరం పట్టు’ అనే కబడ్డీ జట్టుకు కోచ్ ఆయనే.

జట్టు యజమాని చంద్రమోహన్‌కు ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉంది. ఆటగాళ్ళందరూ ఏడాదికింతని ఒప్పందం రాసుకుని ఆడేవాళ్ళే. జిల్లా లీగు ఆగస్టులో మొదలై దసరాకు ముగుస్తుంది. ప్రాక్టీసు మాత్రం రెండు ఊళ్ళకూ మధ్యలో ఉందని పెనుకొండలో, కొండ కింద ఒక రేకుల షెడ్డులో పెట్టుకున్నారు. పేరులో పట్టు పెట్టుకున్న జట్టు పోయిన ఏడాది పట్టుకోవడంలోనే ఓడింది. ఊళ్ళో జనం ఊరుకుంటారా? ‘జరీ ఊడిన పట్టు’ అన్నారు, ‘నూలు కలిసిన పట్టు’ అన్నారు. ఆ మాటలు చంద్రమోహన్ వ్యాపారానికి కూడా మంచివి కావు.

కబడ్డీలో కూతకు వెళ్ళేవాడిని ఊరంతా ఎరుగుతుంది. వాణ్ణి పట్టేవాళ్ళను వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఎరుగుతారు. కోర్టుకు ఈ చివర ఇద్దరు, ఆ చివర ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని నిలబడతారు. దాన్ని గొలుసు అంటారు. చివరివాడు కాలు అందుకుంటే జోడీవాడు తిరిగి వచ్చి దారి మూస్తాడు. చేయి వదిలారా, గొలుసు తెగినట్టే. మున్వర్ ఇరవై ఏళ్ళు ఆ చివరనే ఆడి, రెండు మోకాళ్ళూ ఆటకు సమర్పించుకుని కోచ్ అయ్యాడు.

ఆ సీజను అయిపోయి మార్చి వచ్చేసరికి ఆయన గొలుసులో ఒక్క కొక్కెం కూడా మిగల్లేదు. ఒకడికి కానిస్టేబులు ఉద్యోగం వచ్చింది. ఇద్దరిని బళ్ళారి పక్క జట్టు ఎగరేసుకుపోయింది. నాలుగోవాడు మోకాలు తిప్పుకుని కర్ర పట్టుకు తిరుగుతున్నాడు.

“మున్వరన్నా, ఇమ్రాన్ ఎట్లాగూ ఉండాడు. వానికి తోడు ఇంకో రైడర్‌ను తెచ్చుకుందాం. పట్టేవాళ్ళు యాడైనా దొరుకుతారు” అన్నాడు చంద్రమోహన్. ఇమ్రాన్ అంటే జట్టు తరఫున కూతకు వెళ్ళే మొనగాడు.

“రైడర్లే యాడైనా దొరుకుతారు సామీ. ఇమ్రాను ఐదు పాయింట్లు తెస్తాడు, ఈడ మనం పది పంచిపెడతాం. తూటు బిందెకు ఇంకో బిందె నీళ్ళు తెచ్చి పోస్తే నిలుస్తాయా?”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం మున్వర్. ఆ సంగతి చంద్రమోహన్‌కు తెలుసు.

“సరేన్నా, నీ ఇష్టం. మొదటి ఆట మన హిందూపురంలోనే. ఆ రోజు నీ గొలుసు తెగిందంటే మాత్రం బెంగుళూరు నుంచి వేరే కోచ్ వస్తాడు. ఆయప్పతో మాట్లాడే పెట్టినాను” అన్నాడు.

మున్వర్ తలూపి వచ్చేశాడు గాని, ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. కోచ్ పని పోతే పరుపుల అంగడి ఉండనే ఉంది, కూటికి లోటు లేదు. అయితే పొద్దున లేచినప్పటి నుంచి దూది తప్ప ఇంకేమీ లేని బతుకు తలచుకుంటే ఆయనకు నిజంగానే భయం వేసింది.

మరుసటి వారమే వేట మొదలుపెట్టాడు. కండలు చూడడు, పతకాలు చూడడు. అంగడి వెనక మిద్దె మీద గోదాముంది. ఎక్కడానికి ఇరుకు మెట్లు, మధ్యలో ఒక మలుపు. వచ్చినవాళ్ళను ఇద్దరిద్దరిని నిలబెట్టి, ముప్పై కిలోల దూది పరుపు పైకి మోయమంటాడు. పరుపుకు చెవులుండవు, పిడి ఉండదు. పట్టుకున్న చోటల్లా జారుతుంది. మలుపు దగ్గర ఎవడు ముందు వదులుతాడో వాడు ఇంటికి. జిమ్ములో చేతులు పెంచుకున్న కుర్రాళ్ళు తొమ్మిది మంది ఆ మలుపు దాటలేదు.

“మనుషుల్ని చూస్తాండావా, సరుకు ఎక్కిస్తాండావా?” అని అడిగింది భార్య అమీనాబీ.

“రెండూ అయితాండాయి కదా, నీకేం నష్టం?” అన్నాడు మున్వర్. ఆ వేసవిలో గోదాముకు కూలీలను పిలిచే పనే పడలేదు.

మలుపు దాటినవాళ్ళలో ముగ్గురు నిలిచారు. హిందూపురం చింతపండు మండీలో మూటలు మోసే వెంకటరాముడు ఒకడు. ధర్మవరంలో మగ్గం నేసే జమీర్ ఇంకొకడు, మగ్గం గుంతలో కూర్చుని తొక్కీ తొక్కీ తొడలు రాయి చేసుకున్నాడు. మూడోవాడు మడకశిర పక్క టెంకాయ చెట్లెక్కే శివప్రసాద్. ఇంట్లో కన్నడం, బయట తెలుగు, చెట్టు మీద రెండూ మాట్లాడతాడు. వాడు చేయి పట్టుకుంటే ఉడుంపట్టే.

నాలుగోవాడు వెతికితే దొరకలేదు, వెతకనప్పుడు దొరికాడు. బూరుగు దూది బేరానికి నంబులపూలకుంట పక్కకు వెళ్ళినప్పుడు ఒక గొర్రెల మందకు టీకాలు వేస్తున్నారు. పాతికేళ్ళవాడు ఒకడు మందలో నింపాదిగా నడుస్తూ, కావలసిన గొర్రె వెనక కాలు మాత్రం చప్పుడు లేకుండా అందుకుంటున్నాడు. పక్క గొర్రె మేత కూడా ఆపడం లేదు. మున్వర్ దూది సంగతి మరిచిపోయాడు. వాడి పేరు ఉలిగప్ప. మందను అన్నకు అప్పగించి రావడానికి పది రోజులు అడిగాడు, పదకొండో రోజు పెనుకొండలో బస్సు దిగాడు.

ఉలిగప్పకు శివప్రసాద్‌ను జోడీ చేశాడు. జమీర్, వెంకటరాముడు రెండో జోడీ. మే, జూన్ రెండు నెలలూ ఒక్కొక్కరికీ కాలు ఎట్లా అందుకోవాలో, నడుం ఎట్లా పట్టాలో విడివిడిగా నేర్పాడు. మోకాళ్ళు లేచిపోయాయి, మోచేతులు పగిలాయి, మున్వర్ గొంతు మూడుసార్లు పోయి వచ్చింది. ఆయన నేర్పడమంటే సగం అరవడమే. జులైలో నలుగురినీ కలిపి ఆడించాల్సిన రోజు వచ్చింది. చూడటానికి చంద్రమోహన్ కూడా వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఇమ్రాన్ కూతకు వచ్చాడు. ఉలిగప్ప వంగి వాడి చీలమండ అందుకున్నాడు. అంతవరకూ బంగారం. చేయి కలిపి ఉన్న శివప్రసాద్ “ఇడి, ఇడి” అని అరిచాడు. ఉలిగప్ప కాలు వదిలేశాడు, చేయీ వదిలేశాడు. ఇమ్రాన్ నవ్వుకుంటూ గీత దాటాడు.

రెండోసారీ అంతే. మూడోసారి కూడా కాలు చక్కగా దొరికింది, శివప్రసాద్ అరిచాడు, ఉలిగప్ప పట్టిన కాలు పూలు పెట్టినట్టు కింద పెట్టాడు. చంద్రమోహన్ ఫోను తీసి చూసుకున్నాడు. ఆ ఫోను చూసేసరికి మున్వర్‌కు ఒళ్ళు మండింది.

“ఏమప్పా, దొరికినోణ్ణి దొరికినట్ల ఇడ్సిపెడతాండావు?”

“ఇడ్సమంటేనే ఇడ్సినానన్నా” అన్నాడు ఉలిగప్ప.

“ఎవుడు చెప్పినాడు? ఈడ నేను చెవుల్లో దూది పెట్టుకోని నిలబడినానా? గొర్రెల్లో తిరిగి తిరిగి నీకూ గొర్రె గుండే వచ్చింది. పిరికోడా.”

ఉలిగప్ప జట్టు బనియను విప్పి, మడిచి, మ్యాటు మీద పెట్టి, తన చొక్కా తొడుక్కుని కదిరి బస్సెక్కాడు. అప్పటికి మొదటి ఆటకు ఇంకా ఇరవై రోజుల గడువుంది.

ఇంటికి వచ్చి మున్వర్ అన్నం ముందు కూర్చుని ఇదంతా అమీనాబీకి చెప్పాడు. తప్పు చేసింది చాలక పైగా ఇడ్సమన్నారని అబద్ధం ఆడాడని కూడా చెప్పాడు.

“ఆ శివప్రసాదు ఏమని అరిచినాడు? ఉన్నదున్నట్టు చెప్పు” అంది ఆమె.

“ఏముండాది, ‘ఇడి’ అన్నాడు. పట్టుకో అని.”

అమీనాబీ పప్పు గరిటె గిన్నెలో పెట్టేసింది. “మా కదిరి పక్క నల్లచెరువులో, ఆ పిల్లోని ఊళ్ళో గూడా, ఇడు అంటే వదిలెయ్ అని. ఇడీ అన్నా ఇడూ అన్నా మా చెవికి ఒకటే. పట్టుకో అనేది మీ హిందూపురం పక్క కన్నడం మాట. నీకు పుట్టినప్పటి నుంచి రెండూ కలిపి వినిపిస్తాయి, ఏది యాడిదో నీకు తెలీదు.”

మున్వర్ ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

“నేను కొత్త కోడలిగా వచ్చిన నెలలో, మీయమ్మ అటక మీద నుంచి నిమ్మకాయ ఊరగాయ జాడీ అందించి ‘ఇడి’ అనింది. పెద్దామె చెప్పింది కదా అని ఇడ్సినాను. జాడీ ముక్కలు. ఇరవై ఆరేళ్ళ నుంచి ఈ ఇంట్లో నాకు చేతకానిదాన్నని పేరు. ఆ రోజే చెప్పినాను, మీయమ్మా వినలేదు, నువ్వూ వినలేదు. ఇప్పుడు ఆ పిల్లోణ్ణి పిరికోడని పంపిచ్చినావు.”

ఆమె నవ్వుతూనే చెప్పింది గాని, చివర్లో ఆ నవ్వు పోయింది. మున్వర్‌కు సిగ్గు వేసింది. ఒకటి కాదు, రెండు తప్పులకు కలిపి వేసింది. “జాడీ సంగతి నాదే తప్పు” అన్నాడు. అది వినడానికి ఇరవై ఆరేళ్ళు పట్టిన ఆమె, ఇంకో గరిటె పప్పు వేసింది.

మరునాడు పొద్దున్నే మున్వర్ కదిరి మీదుగా నంబులపూలకుంట చేరాడు. మంద ఒక బీడులో మేస్తోంది. ఉలిగప్ప ఆయనను చూసి లేచి నిలబడ్డాడు.

“నువ్వు చెప్పిందే నిజమప్పా. వానిది కన్నడం, నీది తెలుగు, నాకు రెండూ ఒకటే అయి కూర్చున్నాయి. అబద్ధమాడింది నా చెవి. పిరికోడన్న మాట నాది కాదనుకో” అన్నాడు మున్వర్. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆయన నోరు మంచిగా మాట్లాడి చాలా ఏళ్ళయింది, అందుకే మాటలు తడబడ్డాయి.

ఉలిగప్ప పక్కకు పోతున్న గొర్రెనొకదాన్ని మందలోకి తోలి వచ్చాడు. “వస్తానన్నా. ఐతే ఒకటి. కన్నడమూ వద్దు, తెలుగూ వద్దు. గొర్రెను పట్టేటప్పుడు మేము నోరు తెరవం. తెరిస్తే అది ఎగురుతాది. చేతిలో చెయ్యుండాది కదా, నొక్కితే చాలు. ఒకసారి నొక్కితే పట్టు, రెండుసార్లు నొక్కితే ఆగు.”

“సరేప్పా.”

“నువ్వు గూడా అరవగూడదు.”

ఇది మాత్రం మున్వర్‌కు మింగుడు పడలేదు. అరవని కోచ్ ఏం కోచ్? ఒప్పుకున్నాడు, ఒప్పుకోక ఏం చేస్తాడు. మిగిలిన ఆ రోజులన్నీ పెనుకొండ షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పక్కింటివాళ్ళు వచ్చి జట్టు మూసేశారా అని అడిగి వెళ్ళారు. చేయి నొక్కడం జమీర్‌కు నాలుగు రోజుల్లో వచ్చింది. వెంకటరాముడు నొక్కితే జమీర్ వేళ్ళు వాచాయి, వాడికి మెల్లగా నొక్కడం నేర్పడానికి వారం పట్టింది.

ఆగస్టు మొదటి ఆదివారం సాయంత్రం, హిందూపురం మైదానం. కదిరి జట్టుతో ఆట. కదిరి తరఫున కూతకు వచ్చే జగదీష్ పెద్ద మాయగాడు. పట్టేవాళ్ళు ఒకరికొకరు ఏమని అరుచుకుంటున్నారో విని, దానికి తగ్గట్టు కాలు వేస్తాడు. ఇక్కడ వినడానికి ఏమీ లేదు. మొదటి కూతలోనే వాడు ఏడుగురి నోళ్ళ వైపూ అనుమానంగా చూశాడు. మున్వర్ బెంచీ మీద తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. చూసినవాళ్ళు పంటి నొప్పి అనుకున్నారు.

ఆట ఒక్క పాయింటు తేడాతో చివరి కూతకు వచ్చింది. ‘పట్టు’ ముందుంది. జగదీష్ ఒకరిని తాకి వెళ్ళాడా ఆట సమం, ఇద్దరిని తాకాడా ఓటమి. వాడు ఉలిగప్ప వైపు వచ్చి, ఊరించి, చటుక్కున రెండో చివరకు తిరిగి జమీర్ భుజం తాకి గీతకేసి దూకాడు. ఎవరి చేయి ఎవరు నొక్కారో గాని, రెండు గొలుసులూ ఒకేసారి కదిలాయి. గీత దగ్గర ఒక కుప్ప పడింది. కుప్ప కింద నుంచి జగదీష్ చేయి గీత కోసం తడుముకుంటోంది, జానెడు దూరంలో ఆగిపోయింది. ఈల మోగింది.

మైదానం లేచి నిలబడింది. చంద్రమోహన్ ఒక పట్టు కండువా తీసుకుని కోర్టులోకి పరుగెత్తాడు, చివరి పట్టు పట్టినవాడికి కప్పాలని.

“ఎవురప్పా పట్టినారు?”

“నేను కాదు సామీ, శివన్న అడ్డం పడినాడు” అన్నాడు ఉలిగప్ప.

“నేను పోయేతలికే వాడు పడిపోయి ఉన్నాడు. జమీర్ పట్టింటాడు” అన్నాడు శివప్రసాద్.

“నా చేతికి దొరికింది వెంకటరాముని కాలు” అన్నాడు జమీర్.

“అందుకేనా నేను లేయలేకపోయింది? నేనైతే కాదు సామీ” అన్నాడు వెంకటరాముడు.

చంద్రమోహన్ కండువాతో నలుగురి ముందూ రెండు చుట్లు తిరిగి, మున్వర్ దగ్గరికి వచ్చాడు. “నువ్వు చెప్పన్నా. నువ్వు చూసింటావు కదా.”

మున్వర్ ఆడిన రోజుల్లో ప్రతి పట్టు తరువాతా మైకు వైపు చూసేవాడు, తన పేరు చెబుతారేమోనని. చెప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు ఎదురుగా నలుగురు మనుషులు, ఎవడికి వాడు గొప్పను పక్కవాడి మీదికి నెట్టేస్తున్నారు. ఆయన నోట్లోంచి తువ్వాలు తీశాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, దాచుకోలేదు.

“తెలీదు సామీ” అన్నాడు. “రెప్ప వేయకుండా చూసినా. నాకే తెలీలేదు.”

చంద్రమోహన్ కండువా తన భుజం మీదే వేసుకుని, ఫోను తీసి అక్కడికక్కడే బెంగుళూరుకు కలిపాడు.

“సార్, మీరు రావద్దులెండి. ఈడ మాకు, ఎవురు పట్టినారో గూడా తెలీని కోచ్ ఒకాయన ఉండాడు. ఆయనే కావాల మాకు.”