వాకిట్లో ఉతార్

చిక్కడపల్లిలో మా ఇంటి ఓనరు ఏదో ఆఫీసులో గుమాస్తా. అరవై తొమ్మిది ప్రాంతాల్లో మేము గుంటూరు వైపు నుంచి వచ్చి ఆయన ఇంట్లోనే ఒక వాటాలో అద్దెకు దిగాం. సాయంత్రాలు ఆయనా నేనూ చెరో సైకిలూ తీసుకుని, అశోక్ నగర్, నారాయణగూడ ఊరికే తిరిగి వచ్చేవాళ్లం. రోడ్డు పల్లంలోకి దిగే చోటుని ఆయన ఉతార్ అనేవాడు. అది వస్తే చాలు, యాభై దాటిన మనిషి పెడళ్ల మీంచి కాళ్లు తీసి అటూ ఇటూ చాచేసేవాడు.

"తమ్మీ, నెలంత చేసినదానికి గిదే అసల్ జీతం!"

ఒక ఎండాకాలం ఆయన చూపు మసకబారింది. ఒకరోజు తోపుడుబండిని గుద్దేసి, మోచేతులు దోక్కుపోయి వచ్చాడు. ఇక చూపు రాదని డాక్టరు తేల్చేశాడు. ఆయన భార్య గేటుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

అయినా సాయంత్రమయ్యేసరికి వాకిట్లో సైకిలుకి స్టాండు వేసి, ఎక్కి కూర్చుని తొక్కేవాడు. వెనక చక్రం గాల్లో గిర్రున తిరిగేది. మలుపులొస్తే బెల్లు కూడా కొట్టేవాడు. చూస్తుంటే నాకు జాలి కాదు, ఒళ్లు మండేది. ఈ మనిషి ఒక్కసారైనా ఏడవడేం?

ఒకనాడు ఉండబట్టలేక దగ్గరికి వెళ్లాను.

"ఎక్కడిదాకా వచ్చారండీ?"

"నారాయణగూడ దాటిన. ఉతార్ వస్తున్నది, జర పక్కకు జరుగు."

జరిగాను. ఆయన రెండు కాళ్లూ చాచాడు. చక్రం కాసేపు టకటకలాడుతూ తిరిగి, నెమ్మదించి, ఆగిపోయింది. జీతం మాట కోసం ఎదురుచూశాను. ఆయన కాళ్లు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"గింత జల్ది అయిపోయిందా తమ్మీ, ఉతార్?"