అక్క నేర్పిన అక్షరాలు

మొన్న బంధువుల గ్రూపులో ఎవరో పెద్ద తెలుగు వ్యాసం పెట్టారు. మొదటి వాక్యాలు చూడగానే ఒళ్ళు మండి, జవాబు సగం టైపు చేసి, ఎందుకో ఆగి, మళ్ళీ మొదటి నుంచి కూడబలుక్కుంటూ చదువుతుంటే మా కోడలు నవ్వింది. "ఎందుకు మామా కండ్లు నొప్పి చేసుకుంటావు? ఇక్కడ నొక్కితే ఫోనే చదివి చెప్తుంది." వద్దమ్మా అన్నాను. ఆ అక్షరాలు నాకు ఊరికే రాలేదు.

తమిళనాడులో ధర్మపురి చుట్టుపక్కల మా వాళ్ళకు తరతరాలుగా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నా బడి తమిళం, కారిమంగళం సంతలో బేరం తమిళం, వేదికలెక్కి జాతకాలనూ దిష్టి గుమ్మడికాయలనూ నేను చీల్చి చెండాడిందీ తమిళంలోనే. ఎవరో చెప్పారని నమ్మకండి, మీరే చదివి తేల్చుకోండి అన్నది ప్రతి సభలోనూ నా ఆఖరి మాట. అలాంటి నాకు మా అమ్మ మాట్లాడిన భాషలో అప్పట్లో ఒక్క అక్షరం వచ్చేది కాదు. చిత్తూరు నుంచి వచ్చిన పెళ్ళిపత్రికను నేను తలకిందులుగా పట్టుకున్నప్పుడు నా భార్య అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఊరికంతా చదవండి చదవండి అంటావు, నీకు చదివి చెప్పేదానికి ఎవుర్ని పిలిచేది?"

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, బస్టాండు పక్క బ్రౌజింగ్ సెంటరులో, తెలుగువాళ్ళ ఇంటర్నెట్ చర్చావేదిక ఒకటి నా కంటబడింది. అప్పట్లో అందరూ ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేవారు కాబట్టి నేనూ దూరిపోయాను. అక్కడ నాకు దీటుగా నిలిచింది గోదావరి వైపు ఆవిడ ఒకరు. పూజలు, వ్రతాలు, అచంచలమైన నమ్మకం. అయినా నేను అనని మాట నాకు ఒక్కసారి కూడా అంటగట్టలేదు. ఆవిడ నన్ను తమ్ముడూ అంటే, ఎంత కోపంలో ఉన్నా నేను అక్కా అనే రాసేవాణ్ణి.

కొన్నాళ్ళకు అందరూ తెలుగు అక్షరాల్లోకి మారిపోయారు. మా సెంటరు కంప్యూటరులో అవి ఖాళీ పెట్టెల్లా కనిపించేవి. పెట్టెలే కనిపిస్తున్నాయి, ఏం చేయను అని రాసి ఊపిరి పీల్చుకున్నాను. పాపం, సెంటరు యజమానురాలు నా మీద జాలిపడి ఏదో ఫాంటు ఎక్కించి, ఇక హాయిగా చదువుకోండి సార్ అని తమిళంలో చెప్పి వెళ్ళింది. పెట్టెలు పోయాయి. నాకు మాత్రం ఆ పెట్టెలకూ ఈ అక్షరాలకూ తేడా లేదు.

రాయడానికి ఇబ్బంది లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే యంత్రమే తెలుగు లిపి చేసిపెట్టేది. అక్క ఏం రాసి ఉంటుందో ఊహించి, ఉరుముతూ జవాబులు పంపాను. ఒకరోజు ఆవిడ నాకు విడిగా, ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసింది. "తమ్ముడూ, నేను అడిగింది వర్షం కోసం చేసే పూజ గురించి. నువ్వు జాతకాల మీద విరుచుకుపడ్డావు. ఏమయ్యా, నా అక్షరాలు నీకు రావా?"

సెంటరులో నేను కూర్చున్న ఆ చెక్క గదిలో నా ముఖం కాలిపోయింది. లేచి వెళ్ళిపోతే మళ్ళీ ఆవిడ ఎదుట పడనక్కర్లేదు. కానీ నన్ను నలుగురిలో అడగకుండా విడిగా అడిగిన మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. రావు అని ఒక్క మాట కొట్టాను.

మర్నాటి నుంచి పాఠాలు. తెలుగు అక్షరం, పక్కన ఇంగ్లీషులో దాని పలుకు. యాభై దాటినవాణ్ణి, పెదవులు కదుపుతూ గుణింతాలు చదువుకున్నాను. చివరికి పక్కన ఏ సాయమూ లేకుండా ఒక వాక్యం పంపింది. చాలాసేపు కుస్తీ పట్టాను. 'దేవుడు ఉన్నాడు.' నా అమ్మభాషలో నేను సొంతంగా చదివిన మొదటి వాక్యం అది!

'లేడు' అని రాశాను.

"అబ్బ, ఇప్పటికి నేను అన్నదానికి జవాబు చెప్పావు" అందావిడ.

ఆ వేదిక ఏనాడో మూతబడింది. అక్క పాఠాలూ దాంతోనే పోయాయి. ఆవిడ ఊరి పేరైనా నేను అడిగి ఉండలేదు. ఇప్పుడు నేను ఏం రాసినా బొటనవేళ్ళు బోలెడు లేస్తాయి, తిట్లూ అంతే వస్తాయి. నేను అడిగింది ఇది కాదు కదా తమ్ముడూ అని విడిగా రాసే మనిషి మాత్రం లేదు.

మొన్నటి వ్యాసం ఆఖరిదాకా చదివాక చూసుకుంటే, నేను సగం టైపు చేసిన జవాబుకూ దానికీ సంబంధమే లేదు. మళ్ళీ జాతకాల మీదే విరుచుకుపడ్డాను. అక్క చూస్తున్నట్టే సిగ్గు వేసి, ఒక్కొక్క అక్షరమే చెరిపేశాను.