సాక్షి రుమాలు

ఎదురింటి టీచరమ్మ పోయారన్న కబురు మా అపార్ట్‌మెంట్ ఫోన్ గ్రూపులో చదివాను. ఆ రోజు నేను మౌలాలిలో మా చెల్లెలింట్లో ఉన్నాను. తెల్లవారుజామున గుండె ఆగిందట. కబురు పెట్టింది మా ప్రెసిడెంటు గారు. దండం బొమ్మలు, పువ్వుల బొమ్మలు, వాటి మధ్య "మహా ప్రకృతి ప్రేమికురాలు" అన్న బిరుదు. ఏడుపులోనూ నవ్వొచ్చింది. ఆ ప్రేమికురాలి ఎరువు డ్రమ్ములను డాబా మీంచి దింపించి చెత్తబండి ఎక్కించింది ఈ మహానుభావుడే.

టీచరమ్మ బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. సికింద్రాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి. మోండా మార్కెట్‌లో కొట్టువాడు వంకాయలు ప్లాస్టిక్ కవర్లో వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి తన గుడ్డసంచి నోరు తెరిచేవారు. ఇంటికొచ్చాక తొక్కలు, తొడిమలు అన్నీ డాబా మీది డ్రమ్ముల్లోకి వెళ్ళేవి. తయారైన ఎరువు గుప్పెట్లో పట్టుకుని నా ముక్కు దగ్గర పెట్టేవారు.

"వాసన జూడు బిడ్డా. వాన పడ్డ మట్టి లెక్కనే ఉండాలె. కంపు గొడితే మనం ఏదో తప్పు జేసినట్టు."

ఆ ఎరువుతో పెరిగిన పుదీనా మా అపార్ట్‌మెంట్‌లో తినని ఇల్లు లేదు. ఆ తిన్న నోళ్ళే తర్వాత డ్రమ్ముల వల్ల ఈగలొస్తున్నాయని అన్నాయి.

ఇంతలో ప్రెసిడెంటు గారికి పచ్చదనం పూనింది. మొక్కజొన్న పిండితో చేసిన సంచులట, మట్టిలో వేస్తే మట్టైపోతాయట. ఒక్కో సంచి మీద పచ్చ అక్షరాలతో "నేను మట్టిలో కలిసిపోతాను" అని అచ్చు. తడిచెత్త అందులో మూటగట్టి, మూటతో సహా టీచరమ్మ డ్రమ్ముల్లో పడేయమన్నారు. అమ్మడానికొచ్చిన కుర్రాడు మరిగే నీళ్ళలో ఓ సంచి ముంచి చూపించాడు. అది ముడుచుకుపోగానే అందరూ చప్పట్లు కొట్టారు. చదువుకున్నవాళ్ళే, పెద్ద ఉద్యోగాలవాళ్ళే. టీచరమ్మ గరిటెతో ఆ ముద్దను పైకి తీశారు.

"ముడుచుకున్నది గని, ఏడికి పోయింది? స్నానం జేస్తే నా వేళ్ళు సుత ముడుచుకుంటయి."

మర్నాడే బాల్కనీలో ఓ కుండీ సిద్ధం చేశారు. సంచినీ, పక్కనే తన పాత నూలు రుమాలునూ మట్టిలో పాతారు. రుమాలెందుకని అడిగాను.

"అది సాక్షి. మట్టిల బలమున్నదా లేదా అది జెప్తది. రుమాలు పోయి సంచి మిగిల్తే, తప్పు మట్టిది గాదని తెలుస్తది."

రోజూ నీళ్ళు చిలకరించేవారు. కుండీ మరీ చల్లగా ఉందేమోనని అనుమానమొచ్చి, ఇంకో సంచిని డ్రమ్ము మధ్యలో, ఎరువు వెచ్చగా ఉండేచోట దాచారు. "దానికి అన్యాయం జేసిన అనొద్దు" అన్నారు. ఆ సంచిని నెత్తిన పెట్టుకున్నవాళ్ళెవరూ దాని గురించి అంత శ్రద్ధ తీసుకోలేదు.

వానలకు ముందు పాతినవి, చలి తగ్గాక తవ్వారు. రుమాలు జాడలేదు, దాని అంచు కుట్టిన నైలాను దారం తప్ప. రెండు సంచులూ నిక్షేపంలా ఉన్నాయి. కడిగి, ఆరబెట్టి, మీటింగులో సమోసాల పళ్ళెం పక్కన పరిచారు.

"కంపెనీవాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చారండీ మేడమ్!" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఆ కాయితం మట్టిల పెట్టు సారూ, అదన్న మంచిగ కుళ్తది. సంచి మీద కింద చిన్నక్షరాలు సుత సదువుండ్రి. ఫ్యాక్టరీల బాగా వేడి పెట్టి కుళ్ళబెడితే కలుస్తదట. అది అబద్ధమని నేనంటలేను. మన డాబా మీద ఆ ఫ్యాక్టరీ ఉన్నదా?"

ఇక వెనక్కి తగ్గడమెలా? గేటు మీద అప్పటికే "హరిత నివాసం" అని బోర్డు రాయించేశారు. వాచ్‌మన్ గదినిండా సంచుల కట్టలున్నాయి. సమోసాలు అయిపోయాక తీర్మానం చేశారు: సంచులు కుళ్ళడం లేదంటే లోపం డ్రమ్ముల్లోనే ఉంది, కాబట్టి డ్రమ్ములు తీసేయాలి. డ్రమ్ములు ఉండాలని నేనొక్కదాన్నే వాదించాను, కానీ ఎవరు విన్నారు? ఇంత తెలివి ఒకే గదిలో పోగుపడటం నేను మళ్ళీ చూడలేదు.

డ్రమ్ములు దిగిన రోజు టీచరమ్మ మెట్ల దగ్గర నిలబడి చూశారు. ఓదార్చబోయాను.

"వాళ్ళ సంగతి ఇడిసిపెట్టు. వానపాములు సుత బండెక్కినయి బిడ్డా. అవి ఏం జేసినయి పాపం?"

ఆ తర్వాత ఆమె డాబా ఎక్కలేదు. ఆ మనుషుల్ని నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

మౌలాలి నుంచి నేను వచ్చేసరికి ప్రెసిడెంటు గారు కూడా వచ్చారు. టీచరమ్మ మెడలో వేయడానికి తెచ్చిన బంతిపూల దండను సంచిలోంచి తీశారు. ఆ సంచే, ఆ పచ్చ అక్షరాలే. దండ వేసి, ఫొటో తీయించుకుని, సంచిని అక్కడే వదిలేసి వెళ్ళారు.

కర్మలయ్యాక టీచరమ్మ కోడలు ఆ కుండీ నాకిచ్చింది. గుర్తుగా ఉంచుకోమని ఆమె రుమాలు కూడా ఒకటిచ్చింది. పసుపు మరకతో, ఆమె వాడే కొబ్బరినూనె వాసనతో ఉంది. దండ తెచ్చిన సంచిని కుండీలో పాతాను. రుమాలు పాతడానికి మాత్రం చేతులు రాలేదు. దాచుకుంటే నా దగ్గరే ఉంటుంది కదా అనుకున్నాను. కానీ సాక్షి లేకుండా పరీక్షేందని ఆమె కసురుతున్నట్టే అనిపించింది. మడత విప్పకుండా సంచి పక్కన పెట్టి మట్టి కప్పాను.

నెలలు గడిచాయి. నిన్న నీళ్ళు పోస్తుంటే పైమట్టి కొంచెం జారింది. రుమాలు మూల ముట్టుకుంటే పొడిపొడిగా వేలికంటుకుంది. వాసన చూశాను. కొబ్బరినూనె లేదు, వాన పడ్డ మట్టి. పక్కన సంచి మీద పచ్చ అక్షరాలు, నీళ్ళు పడి కడిగినట్టున్నాయి: నేను మట్టిలో కలిసిపోతాను.